దొంగ గేబుల్ వెంట్లు: ఫోల్సమ్‌లో ఒక హోల్ హౌస్ ఫ్యాన్ కేసు

ఈ కేసులో తప్పు నాదే. అన్నీ సవ్యంగా కుదిరిన ఇళ్ళ గురించి రాయడానికి పెద్దగా ఏముంటుంది? ఏళ్ళ తరబడి ఇళ్ళకి హోల్ హౌస్ ఫ్యాన్లు బిగించే పని చేస్తున్నవాడు కూడా నేల మీద నిలబడి లెక్క కడితే ఎక్కడ బోల్తా పడతాడో ఈ ఇల్లు నాకు చూపించింది. ఫ్యాన్లు రెండూ బిగించి, పర్మిట్ పని ముగించి, చెక్కు కూడా తీసుకున్నాక నాలుగో రోజు పొద్దున్నే ఫోన్. "అన్నా, పిల్లాడి దుప్పటి మీద బూడిద లాంటిది పడుతోంది. సీలింగ్ లైటు చుట్టూ నల్లగా చార కూడా కట్టింది. ఒకసారి వస్తారా?"

ఫోల్సమ్ కాలిఫోర్నియాలో, శాక్రమెంటోకి తూర్పున, గుట్టలు మొదలయ్యే చోట ఉంటుంది. అక్కడ 2004లో కట్టిన రెండంతస్తుల ఇల్లు ఇది. 2,250 చదరపు అడుగులు, స్టకో (సిమెంటు పూత) గోడలు, సిమెంటు పెంకుల కప్పు. కింద ఒక బెడ్‌రూమ్, పైన మూడు. ఏసీ ఇంటితో పాటు వచ్చిందే, నాలుగు టన్నులది. 2006కి ముందు తయారైన మెషీన్లకి సీర్ (ఏసీ ఎంత పొదుపుగా చల్లబరుస్తుందో చెప్పే అంకె) 10 ఉంటే సరిపోయేది, ఇది ఆ బాపతు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు పిల్లలు. ఇంటాయన అమ్మానాన్నలు ఆర్నెల్లుందామని నరసరావుపేట నుంచి వచ్చారు. కింది గది వాళ్ళకిచ్చారు.

ఫిర్యాదు మామూలుదే. పైన పడకగదులు రాత్రి పదకొండైనా 83, 84 డిగ్రీలు దిగవు (ఇక్కడ రాసేవన్నీ ఫారెన్‌హీటే), ఏసీ మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. జూన్ మధ్యలో ఒక సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. నేను థర్మోస్టాట్ రికార్డులు చూసుకుంటుంటే పెద్దాయన నా భుజం తట్టి పెరట్లోకి తీసుకెళ్ళారు. రిటైరైన సైన్సు మాస్టారాయన. టైము తొమ్మిదిన్నర. గాలి చల్లగా, పొడిగా ఉంది. "చూడు బాబూ, మా ఊళ్ళో ఈపాటికి డాబా మీద నీళ్ళు చల్లి మంచాలు వాల్చుకుంటాం. ఇక్కడ బయట ఇంత చల్లటి గాలి పెట్టుకుని, లోపల కిటికీలు బిగించి కరెంటు తగలెయ్యడమేంటి?"

నా పరికరాలు చెప్పేది కూడా అదే. ఆయన డబ్బులు తీసుకోకుండా చెప్పేశారు, అంతే తేడా.

శాక్రమెంటో ఉన్న ఈ లోయలో జులై పగళ్ళు సగటున తొంభై దాటుతాయి, రాత్రులు అరవై దగ్గరికి దిగుతాయి. ఒక్క రోజులో ముప్పై డిగ్రీల ఊపు. పగలు లోయ కాగి గాలి పైకి లేస్తుంటే, శాన్‌ఫ్రాన్సిస్కో బే వైపు నుంచి సముద్రపు గాలి కార్కినెజ్ జలసంధిలో దూరి, డెల్టా మీదుగా సాయంత్రానికి లోపలికొస్తుంది. ఇక్కడివాళ్ళు డెల్టా బ్రీజ్ అనేది దాన్నే. పడమరన ఉన్న డేవిస్ ఊరికి ముందు తగులుతుంది, ఫోల్సమ్ చేరేసరికి ఆలస్యమూ అవుతుంది, జోరూ తగ్గుతుంది. అయినా వస్తుంది. హోల్ హౌస్ ఫ్యాన్ ఈ గాలిని వాడుకునే సాధనం, అంతకన్నా ఏమీ లేదు. పై అంతస్తు సీలింగ్‌లోంచి ఇంట్లో గాలిని ఆటిక్‌లోకి తోస్తుంది. ఆ ఖాళీ నింపడానికి కిటికీల్లోంచి బయటి గాలి వస్తుంది. ఆటిక్‌లోకి తోసిన గాలి కప్పు వెంట్లలోంచి, అంటే గాలి పోవడానికి పెట్టిన జాలీ కంతల్లోంచి, బయటికి పోతుంది. ఆటిక్ అంటే పాత ఇత్తడి గిన్నెలు, పచ్చడి జాడీలు దాచుకునే మన అటక కాదు, సీలింగ్‌కీ కప్పుకీ మధ్య ఉండే మూడు మూలల చీకటి గది. మనవాళ్ళలో చాలామంది దీన్ని ఆటిక్ ఫ్యాన్‌తో కలిపేస్తారు. ఆటిక్ ఫ్యాన్ ఆటిక్‌ని మాత్రమే చల్లబరుస్తుంది, ఇంట్లో గాలిని కదపదు. ధర తక్కువని అది కొనుక్కుని, ఇల్లు చల్లబడటం లేదని నాకు ఫోన్ చేసేవాళ్ళు ఏటా ఉంటారు.

కాలిఫోర్నియా ఇంధన నిబంధనల్లో, అంటే టైటిల్ 24లో, దీనికి కొలతలున్నాయి. చదరపు అడుగుకి 1.5 సీఎఫ్ఎం (నిమిషానికి కదిలే గాలి, ఘనపు అడుగుల్లో) చొప్పున ఫ్యాన్. ప్రతి 750 సీఎఫ్ఎంకి ఆటిక్ నుంచి బయటికి ఒక చదరపు అడుగు ఖాళీ దారి. ఈ ఖాళీ దారినే నెట్ ఫ్రీ ఏరియా అంటాం. వెంట్ పైకి ఎంత పెద్దగా కనిపిస్తుందన్నది కాదు, జాలీ, రెక్కలు అడ్డుపోగా గాలికి మిగిలేదెంత అన్నదే లెక్క. 2,250ని 1.5తో హెచ్చిస్తే 3,375. ఒకటే పెద్ద ఫ్యాన్ పెట్టొచ్చు. నేను 1,700 సీఎఫ్ఎంవి రెండు పెట్టాను. ఒకటి పైన మెట్లు ఎక్కగానే వచ్చే ల్యాండింగ్ మీద, ఇంకోటి మాస్టర్ బెడ్‌రూమ్ మీద. సాయంత్రం రెండూ తిప్పి వేడి గెంటేసి, రాత్రంతా ఒక్కటే మెల్లగా తిప్పుకోవచ్చు, నిద్ర చెడదు. మొత్తం 3,400 సీఎఫ్ఎంకి కావలసిన దారి నాలుగున్నర చదరపు అడుగులు, అంగుళాల్లో 653 చదరపు అంగుళాలు.

దారి ఎంతుందో ఇలా లెక్కేశాను. శాటిలైట్ ఫొటోలో కప్పు మీద పెంకుల్లో కలిసిపోయిన వెంట్లు ఆరు కనిపించాయి. ఒక్కొక్కటి 72 చదరపు అంగుళాలు, మొత్తం 432. ఇంటి ఎదురుగా, వెనకాల గేబుల్ గోడల (కప్పు వాలుల మధ్య మూడు మూలల గోడలు) నెత్తిన, రెక్కలున్న పెద్ద వెంట్లు రెండు. జాలీ పోగా ఒక్కోదానికి 150 వేసుకున్నా 300. కలిపితే 732. కావలసినదానికంటే ఎక్కువే ఉందనుకుని కొటేషన్ పంపేశాను.

పని జూన్ ఆఖరి వారంలో. తెల్లారి ఐదున్నరకే మొదలుపెట్టాం. పదింటి తర్వాత ఆటిక్‌లో పని చేయించడం మనుషుల్ని పెనం మీద వేయించినట్టే. మధ్యాహ్నానికి అక్కడ 130 దాటుతుంది. కప్పుని మోసే కర్ర చట్రాలు, ట్రస్సులు, 24 అంగుళాలకొకటి ఉన్నాయి కాబట్టి ఏదీ కోయనక్కర్లేదు. డ్రైవాల్ (సీలింగ్‌కి బిగించిన జిప్సం పలక) కోస్తున్నంతసేపూ రంపం పక్కనే వాక్యూమ్ మూతి పట్టుకుని ఒకడు నిలబడాలి. లేకపోతే ఆ తెల్ల పొడి రెండు నెలలు బట్టల్లో కనిపిస్తుంది. సీలింగ్ దగ్గర డ్యాంపర్ పెట్టె (ఫ్యాన్ ఆగితే మూసుకునే రెక్కలు ఇందులో ఉంటాయి), దానిమీంచి ఆరడుగుల మెత్తటి డక్టు, అంటే గాలి గొట్టం, ఆ చివర ట్రస్సుకి పట్టీలతో ఉయ్యాల్లా వేలాడే ఫ్యాన్. ఫ్యాన్ ఏ కర్రకీ బిగుసుకోకూడదు. డక్టుకి ఒక వంపు ఉండాలి కానీ అది జారి పొట్ట వేలాడకూడదు. ఇవి రెండూ సరిగ్గా ఉంటే కింద వినిపించేది ఫ్యాన్ చప్పుడు కాదు, గాలి చప్పుడు. పాత రోజుల్లో సీలింగ్‌కే బిగించే బెల్టు ఫ్యాన్లుండేవి. అవి తిరుగుతుంటే టీవీ వినపడేది కాదు. ఆ జ్ఞాపకంతో ఇప్పటికీ దీన్ని వద్దనేవాళ్ళున్నారు. పెట్టె అంచుల చుట్టూ సీలెంట్ వెయ్యడం ఐదు నిమిషాల పని. తొందరలో చాలామంది వదిలేసేది కూడా అదే.

ఆటిక్‌లో పని మా కుర్రాళ్ళిద్దరిది. నేను కింద టైమర్ స్విచ్ వైరింగ్ చూసుకుంటున్నాను. మధ్యలో ఒకడు తల బయట పెట్టి, "అన్నా, గేబుల్ వైపు చీకటిగా ఉందేంటి?" అన్నాడు. "చెట్టు నీడేమోలే" అన్నాను. ఆ మాట నాకు ఖరీదైంది.

నాలుగో రోజు ఫోన్ వచ్చాక, సాయంత్రం కాకుండా మర్నాడు తెల్లారే వెళ్ళాను. మొదట పిల్లాడి గది. సీలింగ్‌లోకి దించిన గుండ్రటి లైటు, దాని చుట్టూ ఒక పక్కకి అర్ధచంద్రంలా బూడిద చార. ఫ్యాన్లు రెండూ వేయించి, కుర్చీ ఎక్కి లైటు అంచు దగ్గర అరచెయ్యి పెట్టాను. గోరువెచ్చటి ఊపిరి తగిలింది. పైనుంచి కిందికి. ఇలాంటప్పుడు గాలి ఎటు పోతోందో చూడ్డానికి పొగ వదిలే స్మోక్ పెన్సిల్ వాడతారు. నా సంచిలో ఉండేది అగరుబత్తి, చవక, పొగ సన్నంగా నిలకడగా వస్తుంది. లైటు కింద పట్టుకుంటే పొగ పైకి పోవాల్సింది పోయి కిందికి, పక్కకి చెదిరింది. పక్క గదిలోనూ అంతే. బట్టల క్లోజెట్‌లో ఆటిక్ మూత చుట్టూ తెల్ల ఫైబర్‌గ్లాస్ నూగు. మనం ఆటిక్‌లోకి తోసిన గాలి బయటికి దారి దొరక్క, దొరికిన ప్రతి చిల్లులోంచీ ఇంట్లోకే తిరిగొస్తోంది, వస్తూ వస్తూ ఇరవై ఏళ్ళ దుమ్ము మోసుకొస్తోంది.

గాలి ఒత్తిడి కొలిచే మానోమీటర్ గొట్టం ఒకటి ఆటిక్‌లోకి, ఇంకోటి బయటికి పెట్టాను. 28 పాస్కల్స్. పది చుట్టుపక్కల ఉంటుందనుకున్నాను.

ఇక ఆటిక్ ఎక్కాను. నెత్తి మీద దీపం ఆర్పేసి, ట్రస్సు పట్టుకుని, కళ్ళు చీకటికి అలవాటయ్యేదాకా కూర్చున్నాను. ఎండ అప్పుడే పెంకుల మీదికొస్తోంది. నిజమైన వెంట్ ఏదైనా సరే ఆ టైముకి జాలీలోంచి కాస్తో కూస్తో వెలుగు చూపిస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అంతే. తూర్పు గేబుల్ వైపు పాక్కుంటూ వెళ్ళి చెయ్యి పెట్టాను. అట్టలాంటి నల్ల కాగితం, దాని వెనక గట్టి గోడ. కంత లేదు, అసలెప్పుడూ లేదు. బయట రెక్కలతో అందంగా కనిపించేది ఫోమ్‌తో చేసి స్టకో మీద అంటించిన బొమ్మ వెంట్. పడమటిదీ అంతే. ఈ ప్రాంతంలో ఆ కాలపు ఇళ్ళకి ఇలాంటి అలంకారాలు మామూలని నాకు తెలుసు. తెలిసీ నిచ్చెన దించలేదు.

కప్పు మీద ఆరు కదా, నాలుగే ఎందుకు వెలిగాయి? మిగతా రెండూ గ్యారేజీ కప్పు మీదివి. ఆ కప్పు ఒక అంతస్తు కిందుంది, పై ఆటిక్‌కీ దానికీ సంబంధమే లేదు. శాటిలైట్ ఫొటోలో పై కప్పు, కింది కప్పు ఒకే చదునులా కనిపిస్తాయి. నాకు మిగిలిన దారి నాలుగు వెంట్లు, 288 చదరపు అంగుళాలు, సరిగ్గా రెండు చదరపు అడుగులు. దానికి తగ్గ ఫ్యాన్ 1,500 సీఎఫ్ఎం. నేను పెట్టింది 3,400.

ఫ్యాన్లు చెడిపోయాయేమో, చిన్నవి పెట్టాలేమో అని ఇంటాయన అడిగారు. ఒక ఫ్యాన్ తీసేసి ఊరుకోవచ్చు, నాకు ఖర్చు తక్కువ. కానీ ఆ కొలతకి డబ్బు తీసుకున్నాను. ఇంకో ఆరు వెంట్లు వేయిద్దామని, ఖర్చు నాదేనని చెప్పాను. పెంకులు ఎత్తే పని నా లైసెన్సులో రాదు. నాది ఏసీ, వెంటిలేషన్ పనులకిచ్చే సీ-20, కప్పు పని సీ-39 వాళ్ళది. తెలిసిన రూఫర్ వచ్చి ఒక పూటలో ఆరూ కోసి, మూడు చూరు వైపు, మూడు శిఖరం వైపు పెట్టాడు. ఇప్పుడు పది వెంట్లు, 720 అంగుళాలు. గుండ్రటి లైట్లకి పైనుంచి మూతలు బిగించి, క్లోజెట్‌లో ఆటిక్ మూతకి రబ్బరు పట్టీ అంటించాం. మళ్ళీ మానోమీటర్ పెడితే 11. అగరుబత్తి పొగ కదలకుండా నిలబడింది. పిల్లాడి గది సీలింగ్‌కి రంగు వేయించిన ఖర్చూ నాదే. పెద్దాయన అంతా దగ్గరుండి చూసి, "మొత్తానికి తప్పు పట్టుకున్నావు కదా, పర్వాలేదులే" అన్నారు, పిల్లల పేపర్లు దిద్దే గొంతుతో.

అదే రోజు ఇంకో పరీక్ష కూడా చేశాను. మొదటిసారే చెయ్యాల్సింది, చేశాను కూడా, కానీ దారి పెరిగితే ఫ్యాన్ లాగుడు పెరుగుతుంది కాబట్టి మళ్ళీ చూడాలి. ఈ ఇంటి వాటర్ హీటర్ గ్యాస్‌ది, గ్యారేజీలో ఉంది, దాని పొగ వేడికి తనంతట తానే గొట్టంలోంచి పైకి పోయే రకం. కిటికీలు మూసి ఎవరైనా ఫ్యాన్ వేస్తే, ఇల్లు ఎక్కడినుంచో ఒకచోట నుంచి గాలి లాక్కోవాలి కదా. ఆ లాగుడు హీటర్ పొగగొట్టం దాకా వెళ్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకొస్తుంది. గ్యారేజీ తలుపు మూసి, హీటర్ మండుతుండగా, దాని మెడ దగ్గర అగరుబత్తి పట్టాను. కిటికీలు తెరిచినప్పుడు పొగ చక్కగా పైకి పోయింది. అన్నీ మూసి ఫ్యాన్లు రెండూ వేస్తే పది సెకన్లలో తడబడింది. అందుకని స్విచ్ పక్కన తెలుగులో పెద్దక్షరాలతో కాగితం అంటించాం: ముందు కిటికీ, తర్వాత ఫ్యాన్. కింద, పైన కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కొత్తవి పెట్టించాను. గ్యారేజీకీ ఇంటికీ మధ్య తలుపు కింద సందు కూడా మూశాం. ఇంట్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉన్నవాళ్ళు ఆ పొగగొట్టాన్ని కూడా మరచిపోకూడదు.

ఇంత చేసినా జులై రెండో వారంలో ఉష్ణోగ్రతల రికార్డులు చూస్తే నాకు తృప్తి కలగలేదు. నాలుగు చోట్ల ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న లాగర్లు పెట్టాను: పైన హాల్లో, కింది గదిలో, ఆటిక్‌లో, బయట నీడలో. ఫ్యాన్ పెట్టకముందు తెల్లవారి ఆరింటికి ఇంట్లో 76 ఉండేది. ఇప్పుడు 72. ఏసీ 78 మీద పెట్టి ఉంటుంది. అది రోజుకి ఎనిమిదిన్నర గంటలు నడిచేది, ఇప్పుడు ఏడు. బయట 61కి దిగుతున్న రాత్రి ఇల్లు 72 దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

గ్రాఫులో గీత పది గంటలకల్లా నేలకి సమాంతరంగా తిరిగిపోతోంది. అడిగితే తేలింది, పడుకునే ముందు ఫ్యాన్ ఆపి కిటికీలన్నీ మూసేస్తున్నారు. దొంగల భయం. గాలి చల్లబడింది కదా, ఇంకెందుకులే అని కూడా.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గాలిని మార్చడం తేలిక. ఇంట్లో గాలి మొత్తం కొన్ని నిమిషాల్లో మారిపోతుంది, ఆ చల్లదనం ఒంటికి తెలుస్తుంది, హాయిగా ఉందని ఆపేస్తాం. కానీ పగలంతా వేడి తాగిన డ్రైవాల్, ఫ్లోర్ టైల్స్, కింద కాంక్రీటు పలక, సోఫాలు, గ్రానైటు గట్టు చల్లబడలేదు. ఫ్యాన్ ఆపిన గంటకే అవి దాచుకున్నదంతా కక్కేస్తాయి. అవి చల్లబడాలంటే ఏడెనిమిది గంటలు గాలి ఆడుతూనే ఉండాలి. ఫ్యాన్ రాత్రి చేసిన పని మర్నాడు మధ్యాహ్నం కనిపిస్తుంది. ఇక్కడి కరెంటు సంస్థ స్మడ్‌లో ఎండాకాలం పని దినాల్లో కరెంటు ఖరీదైన వేళ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. ఆ వేళకి బయట ఇంకా మండుతుంటుంది, ఫ్యాన్ వెయ్యడానికే లేదు. ఆ మూడు గంటలు ఏసీని తక్కువ తిప్పాలంటే, పన్నెండు గంటల ముందే గోడల్ని చల్లబరిచి పెట్టుకోవాలి. పెద్దాయనకి ఇది వెంటనే అర్థమైంది. "కుండలో నీళ్ళు రాత్రి పోసి పెడితేనే కదా పగలు చల్లగా ఉండేది" అన్నారు. శాస్త్రం వేరు (కుండది ఆవిరితో వచ్చే చల్లదనం), కానీ అలవాటు అదే కాబట్టి నేను దిద్దలేదు. సైన్సు మాస్టారు కదా, ఆయనే ఓ నిమిషం ఆగి దిద్దుకున్నారు.

దొంగల భయానికి మందు కిటికీ పిన్నులు. పైన ఐదు కిటికీలు నాలుగేసి అంగుళాలు మాత్రమే తెరుచుకునేలా పిన్నులు వేశాం. పిల్లలున్న ఇంట్లో పై అంతస్తు కిటికీ అంతకంటే ఎక్కువ తెరుచుకోకూడదు కూడా. ఒక్కో కిటికీ నాలుగడుగుల ఎత్తు, అయిదూ కలిపి ఏడు చదరపు అడుగులకి కాస్త తక్కువ. నేను వెయ్యి సీఎఫ్ఎంకి నాలుగు చదరపు అడుగులు చూసుకుంటాను, కాబట్టి రాత్రి తిరిగే ఒక్క ఫ్యాన్‌కి ఇది సరిపోయింది. కింద పెద్దవాళ్ళ గదిలో ఒక కిటికీకి కూడా పిన్ను వేశాం. ఎవరి గది కిటికీ తెరిస్తే గాలి ఆ గదిలోకే వస్తుంది. ఎక్కడ చల్లగా కావాలో అక్కడ తెరవాలి. నెల రోజులుగా వాడుతున్నవాళ్ళకి కూడా ఈ సంగతి తట్టదు.

ఇక మన ఇళ్ళకే వచ్చే చిక్కులు రెండు. వంటింట్లో మిరపకాయల పోపు వేస్తుండగా ఫ్యాన్ తిప్పితే, ఆ ఘాటు మెట్లెక్కి పడకగదుల్లోకి, క్లోజెట్‌లో పట్టుచీరల దాకా పోతుంది. కిటికీ తెరిస్తే బయటికి పోతుందనుకుంటారు, తెరిస్తే ఇంకా వేగంగా మెట్లెక్కుతుంది. ఎందుకంటే ఆ గాలి వెళ్ళేది పైకే. స్టౌ మీది హుడ్డు ఈ లాగుడు ముందు నిలవదు. వంట అయి పావుగంట ఆగి వెయ్యడం ఒక్కటే మార్గం. రెండోది పెద్దావిడ చెప్పారు. "బాబూ, నువ్వు ఆ యంత్రం పెట్టిన్నాటి నుంచి సంధ్యాదీపం కొండెక్కుతోందయ్యా." పూజా మందిరం ల్యాండింగ్ కింద, మెట్ల మొదట్లో ఉంది. ఇంట్లో గాలంతా పైకి ఎక్కే దారి సరిగ్గా అదే. మందిరం జరపమని చెప్పే ధైర్యం నాకు లేదు. దీపానికి గాజు చిమ్నీ పెట్టుకున్నారు, ఫ్యాన్ తొమ్మిదికి ముందు వెయ్యడం మానేశారు. ఆ టైముకి ముందు బయట ఎలాగూ ఇంకా వేడే కాబట్టి నాకూ అదే కావాలి.

జులై ఆఖరికి, పగలు 95 నుంచి 100 మధ్య ఉన్న రోజుల్నే ఏరి చూస్తే, తెల్లవారి ఆరింటికి ఇంట్లో 67. మొదటిసారి ఏసీ వేసుకునే టైము పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాటింది. రోజుకి ఐదు గంటల నడక. ఏసీ నడిచినప్పుడు 4,300 వాట్లు, ఫ్యాన్లు రెండూ హైలో 410. ఫ్యాన్ల ఖర్చు తీసేస్తే రోజుకి 13 యూనిట్ల దాకా మిగులుతోంది. ఏ రెండు రోజుల ఎండా ఒకటి కాదు, ఇంట్లో ఎవరున్నారన్నదీ మారుతుంది, కాబట్టి ఈ అంకెని నేను పక్కింటికి వాడను.

డబ్బు మాట దాచను. స్మడ్ కరెంటు చవక. రోజుకి మూడు డాలర్ల లోపే మిగిలితే, ఎండాకాలం మొత్తానికి రెండు వందల యాభై. పనికి వాళ్ళు పెట్టింది 4,300. పదిహేనేళ్ళు దాటితే కానీ రాదు. ఇంకో కరెంటు సంస్థ పీజీ అండ్ ఈ వాళ్ళ రేట్లున్న ట్రేసీలో ఇదే ఇల్లుంటే త్వరగా వచ్చేది. కొటేషన్ ఇచ్చినప్పుడే ఇది చెప్పాను. ఇంటావిడ తేల్చేశారు: "బిల్లు కోసం కాదండీ, పిల్లలు పదింటికి పడుకోవాలి." బిల్లు కోసమే అడిగేవాళ్ళకి నేను ముందు డక్టులు, ఇన్సులేషన్ చూపిస్తాను.

పనికిరాని రోజులూ ఉన్నాయి. 2022 సెప్టెంబర్ 6న శాక్రమెంటోలో 116 డిగ్రీలు నమోదైంది, ఆ ఊరి చరిత్రలోనే ఎక్కువ. అలాంటి వారాల్లో డెల్టా గాలి చచ్చిపోతుంది, రాత్రి కూడా గాలి వెచ్చగానే ఉంటుంది. అప్పుడు ఏసీయే దిక్కు, కాబట్టి ఫ్యాన్ వేశాం కదా అని ఏసీ తీసేయించుకోవద్దు. అడవి మంటల పొగ వచ్చినా అంతే. 2020 ఆగస్టు, సెప్టెంబర్లలో వారాల తరబడి ఈ ఫ్యాన్లు వెయ్యడానికి లేకపోయింది. ఇంట్లో ఆస్త్మా ఉన్నవాళ్ళుంటే వసంతంలో పుప్పొడి సంగతి కూడా ముందే అడుగుతాను. డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి మన బంధువులు ఫోన్ చేసి మాకూ పెట్టమంటారు. అక్కడి ఎండాకాలపు రాత్రి గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమంతా గోడలకీ పరుపులకీ పట్టించుకుని, మర్నాడు ఏసీతో పిండుకోవాలి. నేను వద్దంటాను.

పెద్దాయన అక్టోబర్‌లో తిరుగు ప్రయాణానికి ముందు అడిగారు, నరసరావుపేటలో పెట్టొచ్చా అని. అప్పటికి ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. రోజూ ఉదయం ఆరింటికి లోపల ఎంత, బయట ఎంత, రాత్రి ఎన్ని కిటికీలు. నా లాగర్ల కంటే అది శ్రద్ధగా ఉంది. మే నెలలో మీ ఊళ్ళో తెల్లవారుజామున ఎంతుంటుందో మీకే తెలుసు కదా అన్నాను. "ఉక్క" అన్నారు. పైగా డాబా ఇంటికి ఆటిక్ ఎక్కడిది, గాలి తోయడానికి? కాంక్రీటు శ్లాబు పగలంతా తాగిన వేడి రాత్రంతా గదిలోకి దించుతుంటే, దాని కింద ఏ ఫ్యాను పెట్టి ఏం లాభం? శ్లాబు మీద తెల్ల సున్నం వేయించి, మెట్ల గది తలుపు రాత్రి తెరిచి ఉంచమన్నాను. అది వాళ్ళు ఎప్పుడూ చేసేదేనట.

డిసెంబర్‌లో ఇంకో ఫోన్. మాస్టర్ బెడ్‌రూమ్ గ్రిల్లులోంచి చలిగాలి. డ్యాంపర్ రెక్కలు ఫ్యాన్ ఆగగానే తమంతట తామే మూసుకోవాలి. ఒక రెక్క అంచుకి ఫైబర్‌గ్లాస్ నూగు ముద్దకట్టి పావు అంగుళం తెరుచుకుని ఉండిపోయింది. జులైలో ఆటిక్‌లో రేగిన దుమ్ములోదే అది. రెక్కలు తుడిచి, రబ్బరు అంచు మార్చి, రెండో ఫ్యాన్‌ది కూడా విప్పి చూశాను. దాంట్లోనూ కొంచెం ఉంది.